పాడిన టేపు, పాడైన టేపు

  శాలువా కప్పారు, సంతోషం. ఇంట్లో ఇవి పదిహేడున్నాయని మా ఆవిడ లెక్కపెట్టి చెప్పింది. ఈసారి పిలిచేవాళ్ళు మంచి తువ్వాలు కప్పితే వాడుకుంటాను.

పల్నాటి యుద్ధం జ్ఞాపకాలను మన ఊళ్ళల్లో ఎట్లా కాపాడుకోవాలో చెప్పమన్నారు. మూడు సంగతులు చెబుతానని ఫోనులో నేనే ఒప్పుకున్నాను. శాసనాలు, వీరుల గుడి, వీరవిద్యావంతుల పాట. మూడూ చెబుతాను. ముందు నా వెనకున్న ఫ్లెక్సీ సంగతి. 'వీరవిద్యావంతులు' అన్న మాటలో ద కింద ఒత్తు తగిలించారు. కొన్ని వందల ఏళ్ళుగా ఆ కథను పాడుతూ మోస్తున్నవాళ్ళు, వాళ్ళ నెత్తిన ఇంకో బరువెందుకయ్యా? నలభై ఏళ్ళు ఒత్తులు దిద్దినవాణ్ణి, కంటికి అదే ఆనుతుంది. ఇంకోటి, బాలచంద్రుడి బొమ్మకు ఎన్టీఆర్ ముఖం పెట్టారు. 1966లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' సినిమాలో ఆయన వేసింది బ్రహ్మనాయుడు. పోనీలెండి, కొడుక్కి తండ్రి పోలిక వచ్చిందనుకుందాం.

కథ మీకు నేను చెప్పేదేముంది. 12వ శతాబ్దంలో ఒక తండ్రికి వేరు వేరు తల్లుల బిడ్డలు, నలగామరాజు, మలిదేవుడు. గురజాల ఒకరిది, మాచర్ల ఒకరిది. మంత్రులుగా అటు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. అసలీ సీమ చందోలు వెలనాటి చోడుల ఆడపడుచు మైలమకు అరణంగా వచ్చింది. ఇక్కడ అన్నదమ్ములు కొట్టుకుంటే అక్కడ చందోలు బలమూ తగ్గింది. దీన్ని పల్నాటి భారతం అంటారు. నాకా పేరు అంతగా రుచించదు. భారతంలో పాండవులెవరో ఎవరినీ అడగక్కర్లేదు. ఇక్కడ అడగాలి, అదీ ఏ ఊళ్ళో నిలబడి అడుగుతున్నామో చూసుకుని అడగాలి.

శాసనాల సంగతి. రాళ్ళు చదివేవాళ్ళు తగ్గారు, రాళ్ళకు సున్నం కొట్టేవాళ్ళు పెరిగారు. మొదటిది అయిపోయింది.

వీరుల గుడి కారెంపూడిలో ఉంది, మీరంతా వెళ్ళేదే. కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఎక్కడెక్కడినుంచో వీరుల్ని కొలిచే వీరాచారవంతులు ఆ వీరుల ఆయుధాలైన కొణతాలు మోసుకొచ్చి నాగులేట్లో స్నానం చేయిస్తారు. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని చాపకూడు తింటారు. యుద్ధాన్ని గుర్తుపెట్టుకోవడానికి శిలాఫలకం కాకుండా బంతిభోజనం ఎంచుకున్నారు చూడండి మన పెద్దలు! భోజనమంటే గుర్తొచ్చింది, వెనకనుంచి పులిహోర పోపు వాసన వస్తోంది, కాబట్టి నా సమయం ఎంతుందో నాకు తెలుసు. ఒక్క మాట మాత్రం అనాలి. ఇప్పుడు తిరునాళ్ళలో డీజే పెట్టెల మోతకు పంబజోడు వినపడటంలేదు. తిత్తి ఊదేవాడి బుగ్గలు ఉబ్బటం కనిపిస్తోంది కానీ నాదం రావటంలేదు.

ఇక పాట. శ్రీనాథుడు ద్విపదలో రాశాడని చెప్పుకునే పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చువేయించారు. ఆ పుణ్యం ఆయనది. తర్వాత రాగేర్ అనే అమెరికా ఆయన ఇక్కడి పాట విని, ఇంగ్లీషులోకి మార్చి, 1982లో పుస్తకం తెచ్చాడు. ఆ పుస్తకం పేరులోనే, పాడింది ఆలిశెట్టి గాలెయ్య అని ఉంది. పాడినవాడి పేరు అట్ట దాకా రావడం మన దగ్గర ఎన్నిసార్లు జరిగింది? మాల కన్నమదాసును సేనాపతిని చేసిన కథ ఇది. దాన్ని ఇన్నాళ్ళూ నోట నిలిపింది ఆ కులస్తులే. వాళ్ళను మనం 'ఒక గాయకుడు' అని రాసి ఊరుకుంటాం.

నేనూ అదే తప్పు చేశాను. అది చెబుతాను, మిగతావి పోనివ్వండి.

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజులు. ఒక టేప్ రికార్డరు అరువు తెచ్చుకుని, రెండు క్యాసెట్లు కొనుక్కుని కోడిపోరు రాత్రి కారెంపూడి వెళ్ళాను. ఒక పెద్దాయన కత్తి పట్టుకుని పాడుతున్నాడు. మొదటి క్యాసెట్టు రెండువైపులా అద్దంలాగా వచ్చింది. దగ్గు కూడా లేదు. రెండోది ఎక్కించాను. పాట కోడిపందెం దగ్గరికొచ్చింది, నాగమ్మ మాయచేసి గెలిచిందని ఆయన ఎత్తుకున్నాడు. జనంలోంచి ఒక ముసలమ్మ లేచింది. గామాలపాడు వైపు మనిషి. "ఏందయ్యా, మా నాగమ్మ మోసం చేసిందని ఊరూరా పాడుకుంటా తిరుగుతున్నావా? ఓడిపోయినోళ్ళు అట్టాగే అంటారు. నువ్వు చూశావా?" అంది.

పంబ ఆగింది. ఆయన కత్తి కిందికి దించాడు. "చూళ్ళా తల్లీ. మా అయ్య పాడినట్టు పాడుతున్నా. ఇది కారెంపూడి. మీ ఊరొస్తే నాగమ్మ తెలివిని ఇంకో గంట పాడతా, కూర్చో" అన్నాడు. ఆమె కూర్చోలేదు. పక్కనున్న మాచర్లాయన అందుకున్నాడు, ఆయన మీద ఇంకొకాయన. పందెం ఓడినందుకు మావాళ్ళను ఏడేళ్ళు అడవులు పట్టించింది న్యాయమా అని ఒకరు, చర్లగుడిపాడులో రాయబారి అలరాజుకు విషం పెట్టింది ఎవరని ఒకరు. నిన్న జరిగినట్టు! అరగంట సాగింది. పాడేది చేయెత్తు మనిషి, గొంతు మీద బతికేవాడు, చప్పుడు చేయకుండా బీడీ ముట్టించుకుని వింటూ కూర్చున్నాడు. అప్పుడు తెలియలేదు నాకు, ఆయన వాళ్ళ మాటలు పోగేసుకుంటున్నాడని. నాకేమో క్యాసెట్టు పాడైందని ఒళ్ళు మండింది. ఆమె పేరు అడగలేదు. ఆయన పేరు కూడా ఊరికెళ్ళాక రాసుకుందామనుకుని మరిచాను.

మొదటి క్యాసెట్టు, ఆ అద్దంలాంటిది, భద్రంగా ఉంటుందని ఒక కార్యాలయంలో ఇచ్చాను. పేరు చెప్పను. కొన్నేళ్ళకు వెళ్ళి అడిగితే వెతికి తీసి వినిపించారు. బ్రహ్మనాయుడు నాలుగు మాటలు మాట్లాడగానే సినిమా డ్యూయెట్ మొదలైంది. ఎవరో దాని మీదే ఎక్కించుకున్నారు. పాట మంచిదేలెండి.

పాడైందని ఇంట్లో అటక మీద పడేసిన రెండోది మిగిలింది. కొన్నాళ్ళు సిగ్గుపడ్డాను. ఇప్పుడు అనిపిస్తుంది, కథ అచ్చుపుస్తకంలో ఉంది, రాగేర్ దగ్గర ఉంది, ఇవాళ తిరునాళ్ళకొచ్చిన ప్రతివాడి ఫోనులో ఉంది. ముసలమ్మ అడ్డుతగలటం మాత్రం దీంట్లో తప్ప ఎక్కడా లేదు. మనవాళ్ళు రికార్డు చేసేటప్పుడు పిల్లల్ని ఊరుకోబెడతారు, కుక్కల్ని తరుముతారు, ముసలివాళ్ళను 'కాస్త ఆగమ్మా' అంటారు. ఆగమంటే ఆ యుద్ధం ఇంకా ఎవరికి తగులుతోందో ఎట్లా తెలుస్తుంది? అదిగో, వీడియో తీస్తున్న ఆ కుర్రాడు కూడా, వెనక వరసలో తలకాయ అడ్డంగా ఊపుతున్న ఆ పెద్దాయన్ను వదిలేసి నన్ను తీస్తున్నాడు. కెమెరా అటు తిప్పు నాయనా. అయ్యా, మీదే ఊరు? గురజాలా? లేవండి, మైకు ఇస్తారు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఆ క్యాసెట్టు జేబులోనే ఉంది, ఇదిగో. వినిపిద్దామని తెచ్చాను. తీరా చూస్తే ఈ హాల్లో ఇన్ని పెట్టెలున్నా దీన్ని ఆడించేది ఒక్కటీ లేదట. మీలో ఎవరింట్లోనైనా టేప్ రికార్డరు పనిచేస్తుంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. బెల్టు వదులైనా పరవాలేదు, పెన్సిలు పెట్టి తిప్పడం నాకు వచ్చు.