ప్రోస్టేట్ గ్రంథి పెరుగుదల – దాంపత్య జీవితం



యాభై దాటిన మగవారు రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తున్నా, ధార సన్నబడినా, ఇంకా మిగిలినట్టు అనిపించినా, "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటారు. దాంపత్య సుఖం కూడా తగ్గితే అసలు నోరే విప్పరు. ఈ రెండింటికీ సంబంధం ఉండవచ్చు.

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి ప్రోస్టేట్. యౌవనంలో సుమారు 20 గ్రాములు తూగుతుంది. వీర్యంలోని ద్రవం కొంత ఇక్కడే తయారవుతుంది. వయసుతోపాటు ఇది పెరిగి నాళాన్ని నొక్కుతుంది. ఈ పెరుగుదల క్యాన్సరు కాదు, అంటువ్యాధి కాదు, వయసులో చేసిన తప్పులకు శిక్ష అసలే కాదు.

గ్రంథి పెరిగినంత మాత్రాన మగతనం పోదు. అయితే మూత్ర బాధ ఎక్కువగా ఉన్నవారిలో పటుత్వ లోపం కూడా తరచు కనిపిస్తుంది. నిద్ర చెడటం, దిగులు, మధుమేహం, రక్తపు పోటు కూడా ఇందుకు తోడవుతాయి.

ఇక మందుల సంగతి. టామ్సులోసిన్ మాత్ర కండరాన్ని సడలించి ధారను సులువు చేస్తుంది. కొందరిలో వీర్యం తక్కువగా వస్తుంది, లేదా బయటికి రాదు. ఫినాస్టెరైడ్ నెలల తరబడి పనిచేసి గ్రంథిని కుదిస్తుంది. కొందరిలో కోరిక, పటుత్వం తగ్గవచ్చు. మూత్రనాళం గుండా చేసే ఆపరేషను తరువాత చాలామందికి వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోయి, మూత్రంతో కలిసి వచ్చేస్తుంది. దానివల్ల ఒంటికి హాని లేదు. పటుత్వం సాధారణంగా నిలిచే ఉంటుంది. పిల్లలు కావాలనుకునేవారు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇదంతా తెలియక భయపడి మాత్రలు మానేయకండి. మూత్ర బాధ మళ్ళీ ముదరవచ్చు. వైద్యుణ్ణి అడిగితే మందు మార్చే వీలుంది. గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వాడేవారు పటుత్వానికని సిల్డెనాఫిల్ వంటివి సొంతంగా కొని మింగితే ప్రాణాపాయం.

మన బళ్ళారి, కోలారు వైపు పెద్దలకు మరో చిక్కు ఉంది. బజారులో బేరమాడే కన్నడం వస్తుంది గాని, వైద్యుడి ముందు ఈ సంగతి చెప్పడానికి మాట రాదు. తోడుగా కొడుకునో మనవణ్ణో తీసుకెళితే వాళ్ళ ముందు నోరు పెగలదు. బడిపంతులుగా నాకు తోచిన ఉపాయం ఒకటి చెబుతాను. చెప్పవలసినదంతా ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మూత్రం, వీర్యం అన్న మాటలు కన్నడంలోనూ దాదాపు అవే. కాసేపు ఒంటరిగా మాట్లాడాలని వైద్యుణ్ణి అడగండి. వీలైతే భార్యను వెంట తీసుకెళ్ళండి. ఆమెకూ ఇది తెలియాలి.

మూత్రం ఒక్కసారిగా ఆగిపోయినా, రక్తం పడినా ఆలస్యం చేయవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.