ధూళిలో పరుగెత్తు బండి

ఆటవస్తువు అనగానే పెద్దలకు చిన్నచూపు కలుగుట సహజము. పిల్లవాడు రెండు దినములు ఆడును, మూడవనాడు విరుగగొట్టును, నాలుగవనాడు క్రొత్తది కావలెనని మారాము చేయును అని మనము అనుకొందుము. నేడు మేము ప్రస్తావింపబోవు వస్తువు ఆ కోవకు చెందినది కాదు. అది విద్యుత్తుతో నడచి, రేడియో తరంగముల ఆజ్ఞకు లోబడి, మిట్టపల్లములపై దుముకుచు పరుగెత్తు చిన్న పందెపు బండి. దీనిని బగ్గీ అందురు. అసలు బండిలో పదవవంతు పరిమాణము గలది ఎక్కువ వాడుకలో ఉన్నది. దీనికి మోటారు కలదు, బ్యాటరీ కలదు. గేర్లు, బేరింగులు, అదురును మ్రింగు షాకులు కలవు. కనుక దీనిని కొనుటకంటె కాపాడుకొనుట కష్టము. ఆ కష్టములోనే దీని విలువ ఉన్నది.

తీగ లేకుండ యంత్రమును దూరమునుండి నడుపు విద్య నిన్న మొన్నటిది కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను రేడియో తరంగములతో నడిపి చూపరులను ఆశ్చర్యపరచెను. 1984లో జపానుదేశపు టమియా సంస్థ గ్రాస్‌హాపర్, హార్నెట్ అను బగ్గీలను విడుదల చేసెను. ఆ ఏడే అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ సంస్థ ఆర్‌సి 10 అను బండిని వెలువరించెను. మరుసటి సంవత్సరము కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో ఈ తరగతి బండ్లకు ప్రపంచ పోటీలు జరిగెను.

ఇట్టి బండి అనంతపురము మెట్టనేలమీదికి వచ్చినదనుకొందము. ఇచట సగటున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య మేఘములకు మనము దూరము. ఎండకు పొడియైన ఎర్రమన్ను ఆషాఢపు గాలికి లేచి దిక్కులు కప్పును. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు హగరి ఒడ్డున ఇసుకమేటలే కలవు. ఎర్రమట్టి రేణువు మెత్తనిది, ఎంతటి సందులోనైనను దూరును. ఇసుక రేణువు గరుకైనది, తగిలినచోటెల్ల గీయును. బగ్గీకి ఇచట మొదటి శత్రువు ధూళియే.

దీనికి నీరు మందు కాదు. ఆట ముగిసిన వెంటనే బ్యాటరీని విప్పి, మెత్తని కుంచెతో పొడిగా దులుపవలెను. పాత నూలుగుడ్డతో తుడువవలెను. చాలమంది కదలు భాగములన్నిటికి నూనె పూసి, మేలు చేసితిమనుకొందురు. నూనె తాకినచోట ధూళి అంటుకొని ముద్దయై, ఆకురాయివలె లోహమును అరగదీయును. కనుక బేరింగును విప్పి శుభ్రపరచి, ఒక్క చుక్క పలుచని నూనె వేసి, పైకి వచ్చినదానిని తుడిచివేయవలెను. చక్రమును వ్రేలితో త్రిప్పినపుడు గరగరమన్నచో ఆ బేరింగునకు ఆయువు తీరినట్లే.

గేర్ల నడుమ ఎడము సరిగా ఉండవలెను. పలుచని కాగితపు చీలికను రెండు పండ్లచక్రముల మధ్య పెట్టి, వానిని దగ్గరకు చేర్చి, మోటారు స్క్రూలు బిగింపవలెను. పిదప చక్రమును త్రిప్పగా కాగితము చినుగక, మడతలు పడి వెలికి వచ్చినచో ఎడము కుదిరినట్లు. ప్లాస్టిక్కులోనికి స్క్రూ ఎక్కించునపుడు మొదట వెనుకకు త్రిప్పవలెను. అది టక్కుమని పాతగాడిలో దిగును, అప్పుడే బిగింపవలెను. ఈ ఓర్పు లేనివాడు మూడు మారులలో రంధ్రమును పాడుచేయును.

ఇక మోటారు సంగతి. నేటి బగ్గీలలో బ్రష్షులు లేని మోటారు సాధారణము. దానికి మూడు తీగలుండును. మన బోరుబావిలోని మూడు ఫేజుల మోటారు నిర్మాణమున వేరైనను, జబ్బులలో దీనికి దాయాది. ఒక ఫేజు పోయినపుడు బోరు మోటారు తిరుగక గుర్రుమనుట రైతులెరిగినదే. బగ్గీలో ఒక తీగ అతుకు ఊడినచో చిన్న మోటారును అట్లే తిరుగక వణకును. అందుచే మోటారు చెడినదని తలచుటకు ముందు మూడు అతుకులను పరీక్షింపవలెను. నీరు తగ్గిన బోరులో మోటారు వేడెక్కి వైండింగు కాలును. మోయలేని గేరు వేసిన బగ్గీ మోటారునకును అదే గతి. వేడి మితిమీరినచో దానిలోని అయస్కాంతము బలము కోల్పోవును. అది చల్లారినను తిరిగి రాదు. వేసవిలో మోటారువైపు చిన్న గేరును ఒకటి రెండు పండ్లు తక్కువగలదిగా మార్చి, ఆటసమయమును తగ్గించుట వివేకము.

అన్నిటికంటె జాగరూకత వలసినది లిథియం పాలిమర్ బ్యాటరీ విషయమున. ఇందు ఒక్కొక్క సెల్లు నిండినపుడు 4.2 వోల్టులు చూపును, 3.2 వోల్టులకు దిగకముందే ఆట నిలుపవలెను. దాచునపుడు 3.8 వోల్టుల వద్ద ఉంచవలెను. ఎండలో నిలిపిన కారులోగాని, మిద్దెపైగాని విడువరాదు. పరుపుమీదను, వేరుశనగకట్టె వామి దాపునను ఛార్జి చేయరాదు. తాడిపత్రి బండలు పరచిన నేల ఇందుకు తగినది. ప్రక్కను పొడి ఇసుక బకెట్టు, ఎదుట మెలకువగా ఉన్న మనిషి ఉండవలెను. ఉబ్బిన బ్యాటరీని పొడువరాదు, మరల ఛార్జి చేయరాదు, చెత్తలో వేయరాదు. విద్యుత్ వ్యర్థములను సేకరించువారికి అప్పగింపవలెను. అది అంటుకొన్నచో నష్టపోవునది ఆటవస్తువు మాత్రమే కాదు, ఇల్లు.

ఆటకొరకు ఇంత శ్రమ ఏల అని తల్లిదండ్రులు అడుగవచ్చును. బగ్గీ విడిభాగములు తెప్పించుటకు సొమ్మును కాలమును వ్యయమగును. బాగుచేయ నేర్చినవానికి ఆ రెండును మిగులును. అంతకు మించిన మాట మరొకటి కలదు. ఈ సీమలో మోటారు ఆగుట ఆట కాదు. బోరు నాలుగు దినములు నిలిచిపోయినచో చీనీచెట్టు వాడును, మడిలో పైరు ఎండును. చిన్న మోటారు గొంతు మారుట చెవితో పట్టనేర్చిన బాలుడు రేపు పెద్ద మోటారు కాలకమునుపే దానిని ఆపగలడు. కనుక పిల్లవాడు బండిని విప్పి చాపమీద పరచుకొన్నపుడు కసరుకొనక, స్క్రూలు పోకుండ ఒక చిన్న గిన్నె ఇచ్చి, ప్రక్కన కూర్చుండుడు.