మూడు రాత్రులు, వంద రోజులు, 432 నిమిషాలు: అమెరికా నర్సింగ్ ఫెసిలిటీల లెక్క

సూళ్లూరుపేట నుంచి మాట్లాడుతున్నాను. మన ఊళ్లో ఇప్పుడు రెండు రకాల ఇళ్లు కనిపిస్తున్నాయి. ఒక ఇంట్లో అమ్మానాన్నలు గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. ఇంకో ఇంట్లో ఫిజియోథెరపీయో, నర్సింగో చదివిన పిల్లలు అమెరికా ఉద్యోగానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. ఈ రెండిళ్లూ అక్కడ ఒకేచోట కలుస్తాయి. దాని పేరు స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీ. అక్కడ పనిచేసేవాళ్లు ముద్దుగా 'స్నిఫ్' అంటారు.

ఇక్కడ పెద్దవాళ్లకి తుంటి ఎముక విరిగితే ఏం చేస్తాం? నెల్లూరో, చెన్నైయో తీసుకెళ్లి ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చేస్తాం. కోడలో, కూతురో చూసుకుంటారు, ఫిజియో బండి మీద ఇంటికొస్తాడు. అక్కడ ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తే ఇంట్లో చూసేదెవరు? అందుకే ఆసుపత్రి నుంచి నేరుగా స్నిఫ్‌కి పంపిస్తారు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. కొడుకు పదిహేనేళ్లుగా టాక్స్ కడుతున్నాడు కాబట్టి అమ్మకి మెడికేర్ ఉచితం అనుకుంటారు. కాదండి. ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ఉచితంగా రావాలంటే ఆవిడో, ఆవిడ భర్తో అక్కడ 40 క్వార్టర్లు, అంటే సుమారు పదేళ్లు, పనిచేసి ఉండాలి. లేదంటే 65 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డుతో అయిదేళ్లు వరుసగా అక్కడ ఉన్నాక, కొనుక్కోవచ్చు. 2025లో దానికి నెలకి 518 డాలర్ల వరకూ ప్రీమియం ఉండేది. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకి మెడికేర్ అసలు లేదు.

ఇప్పుడు అసలు రూల్. స్నిఫ్ ఖర్చు ఒరిజినల్ మెడికేర్ ఇవ్వాలంటే ముందు ఆసుపత్రిలో వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండాలి. డిశ్చార్జ్ అయిన రోజు లెక్కలోకి రాదు. అంటే మూడు రాత్రులు. తిరకాసు ఎక్కడంటే, మంచం మీద పడుకోబెట్టి, సెలైన్ పెట్టి, నాలుగు రోజులు ఉంచుకున్నా కాగితం మీద 'అబ్జర్వేషన్' అని రాస్తే అది ఇన్‌పేషెంట్ కాదు. మంచం అదే, డాక్టర్ అదే. కానీ మెడికేర్ లెక్కలో సున్నా రోజులు. తర్వాత స్నిఫ్ బిల్లు మొత్తం ఇంటివాళ్ల మీద పడుతుంది.

అబ్జర్వేషన్ 24 గంటలు దాటితే ఆసుపత్రి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ కాగితం మీద ఊరికే సంతకం పెట్టి పక్కన పడేయకండి. డాక్టర్ని అడగండి: "అమ్మ ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?" రోజూ అడగండి. ముందు ఇన్‌పేషెంట్ అని రాసి, తర్వాత ఆసుపత్రే అబ్జర్వేషన్‌కి మార్చిన కొన్ని కేసుల్లో అప్పీలు చేసుకునే దారి 2025 ఫిబ్రవరి నుంచి వచ్చింది.

స్నిఫ్‌లో చేరాక రోజుల లెక్క మొదలవుతుంది. మొదటి 20 రోజులు మీరు కట్టేది లేదు. 21 నుంచి 100వ రోజు దాకా 2025లో రోజుకి 209.50 డాలర్లు. ఆ 80 రోజులూ ఉంటే 16,760 డాలర్లు. వందో రోజు తర్వాత మెడికేర్ ఏమీ ఇవ్వదు. పైగా వంద రోజులూ గ్యారంటీ కాదు. రోజూ నర్సు నైపుణ్యమో, థెరపిస్టు నైపుణ్యమో అవసరమైనంత వరకే. స్నానం చేయించడం, అన్నం తినిపించడం మాత్రమే అయితే రాదు.

"ఇంక మెరుగుపడట్లేదు, ఆపేస్తున్నాం" అంటారు చాలాచోట్ల. 2013లో జిమ్మో కేసు సెటిల్‌మెంట్‌తో ఇది స్పష్టమైంది: మెరుగుపడకపోయినా, ఉన్న స్థితి దిగజారకుండా చూడటానికి నైపుణ్యం కావాలంటే మెడికేర్ ఇవ్వాలి. కవరేజీ ఆపేముందు కనీసం రెండు రోజుల ముందు నోటీసు రావాలి. అప్పీలు చేయాల్సిన నంబరు అందులోనే ఉంటుంది. ఆగిపోయే తేదీకి ముందురోజు మధ్యాహ్నం 12 లోపు ఫోన్ చేయాలి. "ఆదివారం తీరిగ్గా చూద్దాం" అంటే గడువు దాటిపోతుంది.

ఇప్పుడు రెండో ఇంటికి వద్దాం. మా పెద్దమ్మ కూతురు అక్కడ ఒక స్నిఫ్‌లో ఫిజియోథెరపిస్టు. వాళ్లని 'ప్రొడక్టివిటీ' 90 శాతం అడుగుతారట. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. అందులో 432 నిమిషాలు పేషెంటు మీద చూపించాలి. మిగిలిన 48 నిమిషాల్లో నోట్స్ రాయాలి, నర్సుతో మాట్లాడాలి, గది నుంచి గదికి నడవాలి, బాత్రూంకి కూడా వెళ్లాలి. కుదరదు. అప్పుడు "కార్డు కొట్టేసి నోట్స్ రాయి" అంటారు. అక్క ఒకటే మాట చెప్పింది: "కార్డు కొట్టాక రాయను." గంటల జీతం మీద పనిచేసేవాళ్లకి పనిచేసిన ప్రతి నిమిషానికీ జీతం ఇవ్వాలన్నది అక్కడి చట్టం.

నేను కోడ్ రాసినవాణ్ణి కాబట్టి నాకు ఇది ఇట్టా అర్థమైంది: సిస్టమ్ దేన్ని కొలిస్తే అదే పెరుగుతుంది. టికెట్లు లెక్కపెడితే టికెట్లే పెరుగుతాయి. 2019 సెప్టెంబరు దాకా మెడికేర్ థెరపీ నిమిషాలు చూసి డబ్బులిచ్చేది. వారానికి 720 నిమిషాలు దాటితే పై రేటు. దాంతో ఓపిక లేని ముసలివాళ్లకి కూడా నిమిషాలు పెంచారన్న కేసులు నడిచాయి. 2016లో రీహాబ్‌కేర్ 12.5 కోట్ల డాలర్లకి, లైఫ్ కేర్ సెంటర్స్ 14.5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకున్నాయి. అవి కోర్టులో రుజువు కాని ఆరోపణలే. కానీ రీహాబ్‌కేర్ కేసు మొదలైంది ఒక ఫిజియోథెరపిస్టు, ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు నోరు విప్పడంతోనే.

2019 అక్టోబరు 1 నుంచి పీడీపీఎం అనే కొత్త పద్ధతి. నిమిషాలు కాదు, పేషెంటు జబ్బూ స్థితీ చూసి డబ్బు. ఇప్పుడు ఆశ తిరగబడింది: థెరపీ తగ్గిస్తే మిగులు. చాలామంది థెరపిస్టుల గంటలు కోసేశారు. గ్రూపు థెరపీ, ఇద్దర్ని కలిపి చేసే థెరపీ రెండూ కలిపి 25 శాతం దాటకూడదన్న హద్దు మాత్రం ఉంది. మీ అమ్మ పక్కన ఎప్పుడూ నలుగురు ఉంటే అడిగే హక్కు మీకుంది.

వెళ్లబోయే పిల్లలకి నా మాట. కాంట్రాక్టులో "మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి" అన్న లైను వెతకండి. ఫిలిప్పీన్స్ నర్సుల కేసులో 25,000 డాలర్ల అట్లాంటి షరతు చెల్లదని 2019లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు చెప్పింది. అలాగని ప్రతి షరతూ చెల్లదని కాదు. సంతకానికి ముందే లాయరుకి చూపించండి. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులే గడువు. ఆ భయంతోనే చాలామంది చేయని నిమిషాలకి సంతకం పెడతారు. లైసెన్సు మీది, సంతకం మీది. రేపు ఆడిట్ వస్తే మేనేజరు పేరు ఆ కాగితం మీద ఉండదు.

చివరగా ఒక పని. ఈసారి అమెరికాలో ఉన్న అమ్మావాళ్లకి ఫోన్ చేసినప్పుడు కనుక్కోండి: వాళ్లది ఒరిజినల్ మెడికేరా, ప్రైవేటు కంపెనీ నడిపే అడ్వాంటేజ్ ప్లానా? అడ్వాంటేజ్ అయితే మూడు రాత్రుల రూల్ లేకపోవచ్చు, కానీ ముందస్తు అనుమతి అడుగుతారు, వాళ్ల లిస్టులో ఉన్న స్నిఫ్‌కే వెళ్లమంటారు. ఆ సంగతి కాలు విరిగాక కాదు, ఇప్పుడే తెలుసుకోండి.

మీ ఇంట్లో జరిగింది ఉంటే రాయండి, పేర్లు చెప్పకుండా వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండి.