ఒంటరిగా మోయరాని బరువు
(భవానీపూర్‌లో తెలుగు విద్యార్థులతో చేసిన ప్రసంగం)



“బ్రతకాలని లేదు, ఎవరికీ చెప్పకు” అని అన్న ఒట్టు వేయించుకొంటే చెల్లెలు ఏమి చేయాలి? ఆ ఒట్టు నిలుపుకొనదగినది కాదు. నమ్మకమైన పెద్దలకు వెంటనే చెప్పాలి.

చనిపోవాలన్న ఆలోచన వస్తున్నదా అని నెమ్మదిగా అడిగినంత మాత్రాన అది కొత్తగా పుట్టదు. మనసు విప్పే మార్గమేర్పడుతుంది. ప్రమాదం తోచినప్పుడు అతనిని ఒంటరిగా విడువరాదు.

పోలీసు కేసవుతుందని జంకి దాచవద్దు. ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం భావిస్తుంది.

ఈ భవానీపూర్‌లోనే, డి.ఎల్. ఖాన్ రోడ్డులో, ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి-మానస్‌కు 14416 నంబరుపై రేయింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు. వంగభాషలోనూ, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అన్నకే కాదు, అతనికై నిద్రమాని తల్లడిల్లే చెల్లెలికీ ఆ ఆసరా అవసరమే.