కొత్తగా వచ్చిన పండుగప్ప పిల్లలకు మేత మప్పడం



కొత్త కోడలు అత్తవారింట మొదటి పూట కడుపునిండా తినదు. ఆకలి లేక కాదు. ఇల్లు కొత్త, మనుషులు కొత్త, వంట రుచి కొత్త. ఆ సంగతి తెలిసిన అత్తగారు తొందరపెట్టదు. రెండు రోజులు ఓపిక పడుతుంది. ఉప్పునీటి చెరువుకు కొత్తగా వచ్చిన పండుగప్ప పిల్లల సంగతీ అంతే. అయితే ఒక్క తేడా ఉన్నది. కోడలు ఆకలికి ఓర్చుకుంటుంది. పండుగప్ప పిల్ల ఓర్చుకోదు. పక్కనున్న తమ్ముణ్ణి మింగుతుంది. ఈ పూట నేను చెప్పబోయే నాలుగు మాటలకూ మూలం ఈ తేడాయే.

పండుగప్ప మనకు కొత్త చేప కాదు. తమిళులు దీనిని కొడువా అంటారు, బెంగాలీలు భేట్కి అంటారు. ఏటి నీటిలోనూ, ఉప్పుటేరులోనూ, సముద్రంలోనూ బతకగల చేప ఇది. పెరిగేది తీపి నీటిలోనైనా, గుడ్లు పెట్టడానికి మాత్రం ఉప్పునీటికి, నదీముఖాల దగ్గరకు దిగి వస్తుంది. పూర్వం మడ అడవుల కాలువలలో దొరికిన పిల్లలను పట్టి చెరువులలో వేసుకొనేవారు. 1997లో చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలజీవుల పెంపకపు పరిశోధన సంస్థవారు మన దేశంలో దీనిని హేచరీలో పొదిగించగలిగారు. అప్పటినుండి పిల్లలు కొనుక్కొనే వీలు కలిగింది. దివిసీమలో నాగాయలంక వైపు రైతులు దీనిని పెంచుతున్న సంగతి మీలో చాలామందికి తెలిసినదే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన ఒక సంగతి చెబుతాను. సముద్రానికి దగ్గర ఊళ్ళో ఒక పెద్దాయన తన రొయ్యల చెరువును పండుగప్పకు మార్చి, హాపాలు కట్టి పిల్లలను వదిలాడు. హాపా అంటే తెలుసు గదా, సన్న కన్నుల వలతో పెట్టెలాగా కుట్టి నీటిలో కట్టేది. వదిలిన రోజున నేనూ అక్కడే ఉన్నాను. మూడు వారాల తరువాత మళ్ళీ వెళ్ళి ఇద్దరమూ లెక్క పెట్టాము. వేయి వేసిన హాపాలో మూడు వందలు కూడా లేవు. వలకు చిరుగు లేదు. నీటిపైన చచ్చిన పిల్ల తేలినట్టు ఎవరూ చూడలేదు.

"బాబూ, ఇది కావలివాడి పనే. రాత్రిపూట అమ్ముకున్నాడు" అన్నాడు పెద్దాయన.

కావలివాడు గట్టుమీద నిలబడి వింటున్నాడు. అతనికి ఆ చెరువే కూడు. "అయ్యా, నా పిల్లల మీద ఒట్టు" అని తప్ప మరేమీ అనలేకపోయాడు.

నాకు అనుమానం వచ్చి హాపాలో ఉన్న పిల్లలను ఒక గిన్నెలోకి తీయించాను. కొన్ని చిటికెన వేలంత ఉన్నాయి, కొన్ని వడ్లగింజకంటె కాస్త పెద్దవి. ఒక పెద్ద పిల్ల నోటిలోనుండి మరొక పిల్ల తోక బయటకు కనబడుతున్నది. "బాబాయిగారూ, దొంగ గట్టుమీద లేడు, వలలోనే ఉన్నాడు" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కావలివాణ్ణి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ తప్పులో నా పాలు కూడా ఉన్నది. పిల్లలను నీటిలో వదలడం చూసి ఇంటికి పోయానే గాని, అవి మేత ముట్టినదీ లేనిదీ చూడలేదు. పిల్లలు బతికి చేరడం ఒక ఎత్తు, మేత పట్టడం మరొక ఎత్తు అని నాకు ఆనాడే తెలిసింది.

ఇక పద్ధతికి వస్తాను.

మొదటి పని పిల్లలు రాకముందే జరగాలి. మీ చెరువు నీటి ఉప్పదనం ఎంతో కొలిచి, హేచరీవారికి ముందుగా చెప్పండి. సముద్రపు నీరు ఇంచుమించు 35 పీపీటీ ఉంటుంది. మీ చెరువులో 10 ఉండవచ్చు, 15 ఉండవచ్చు. అక్కడి తొట్టిలోనే రెండు మూడు రోజులలో ఉప్పదనాన్ని దించి పంపమంటే శ్రమ సగం తగ్గుతుంది. ఇంకొక మాట కూడా అడగండి: "పిల్లలు ఇప్పుడు ఏ మేత తింటున్నాయి?" అని. అదే మేత కొంత కొని వెంట తెచ్చుకోండి. ఇల్లు మారిన రోజునే మేత కూడా మారితే ఏ పిల్లా తినదు.

పిల్లలన్నీ ఒకే సైజులో ఉన్నాయో లేదో చూసి కొనండి. సెంటీమీటరు పిల్ల, రెండు సెంటీమీటర్ల పిల్ల ఒకే సంచిలో ఉంటే, మీరు కొన్నది పిల్లలనూ, వాటికి మేతనూ కలిపి అన్నమాట.

రెండవది, సంచి దించే వేళ. పొద్దు పొడిచే ముందో, పొద్దు వాలిన తరువాతో చేరేటట్లు బయలుదేరదీయాలి. నడి మధ్యాహ్నం వద్దు. సంచి మూతి విప్పకుండానే చెరువు నీటిలో 20 నిమిషాలు, అరగంట తేలనివ్వండి. లోపలి నీటి వేడీ, బయటి నీటి వేడీ సమానమవుతాయి. ఆ సమయంలో ఎండ తగలకుండా గోనెసంచి కప్పండి.

సంచి విప్పిన తరువాత మాత్రం ఆలస్యం చేయకూడదు. ఎందుకో చెబుతాను. ప్రయాణంలో పిల్లలు విడిచిన మలినంవల్ల సంచి నీటిలో అమ్మోనియా చేరుతుంది. వాటి ఊపిరివల్ల బొగ్గుపులుసు గాలి కూడా చేరుతుంది. ఆ గాలి ఉన్నంతసేపు నీరు కొంచెం పులుపు తిరిగి ఉండి, అమ్మోనియా విషం అణగి ఉంటుంది. మూతి విప్పగానే గాలి పోతుంది, పులుపు తగ్గుతుంది, అణగి ఉన్న విషం లేస్తుంది. కాబట్టి మూతి విప్పి, చెరువు నీరు కొంచెం కొంచెంగా పోసి, పది పదిహేను నిమిషాలలో సంచిని పక్కకు వంచితే పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ హాపాలోకి పోతాయి. ఎత్తునుండి కుమ్మరించవద్దు.

ఉప్పదనంలో తేడా 5 పీపీటీకి మించి ఉంటే ఈ పని సంచిలో కుదరదు. ఒక పెద్ద టబ్బులో హేచరీ నీటితో సమానమైన ఉప్పునీరు ముందుగా సిద్ధం చేసి, గాలి గొట్టం పెట్టి, పిల్లలను అందులోకి మార్చండి. తరువాత చెరువు నీటిని సన్నధారగా వదలండి. గంటకు మూడు నాలుగు పీపీటీకి మించి మారకూడదు. ఒక పూట పట్టినా పట్టనీయండి. నిదానమే ప్రధానం.

మూడవది, హాపా. రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు గల హాపాలో వేయి పిల్లలకు మించి వేయవద్దు. అందులో సగం వేస్తే మరీ మంచిది. నాలుగు మూలలా సరుగుడు కర్రలు పాతి, అడుగు బురదకు తగలకుండా కట్టండి. నీరు కదిలే చోట కట్టాలి గాని, ఏరేటరు జోరు నేరుగా తగిలే చోట కాదు. సన్న వల కన్నులు పాచితోనూ ఒండ్రుతోనూ మూసుకుపోతాయి. లోపలి పిల్లలకు గాలి అందదు. రెండు మూడు రోజులకొకసారి మెత్తని బ్రష్షుతో తోమాలి. పీత కొరికిన చిరుగు ఉందేమో ప్రతి ఉదయమూ చేతితో తడిమి చూడాలి. చిరుగు చిన్నదే, అయినా పిల్ల దానికంటే చిన్నది.

ఇప్పుడు అసలు సంగతి, మేత. వచ్చిన పూట ఏమీ వేయకండి. ఉదయం వస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మరునాటి ఉదయం మొదటి మేత. అంతకు మించి ఆపడం కూడా తగదు. ప్రయాణానికి ముందే వాటిని పస్తు ఉంచి ఉంటారు.

పండుగప్ప పిల్ల పుట్టింది మొదలు కదిలే తిండికే అలవాటు పడినది. హేచరీలో దానికి మొదట పెట్టేది రోటిఫరు అనే కంటికి ఆనని జీవిని, తరువాత ఆర్టీమియా పిల్లలను. అవన్నీ ఈదేవే. ఆ తరువాతనే పొడి మేతకు మప్పుతారు. అందువల్ల ఇది నీటిలో కదులుతూ దిగే మేతను అందుకుంటుంది గాని, అడుగున పడినదాన్ని వెతుక్కొని తినదు. గుప్పెడు మేత ఒక్కసారి విసిరితే పది పిల్లలు తింటాయి, మిగిలినదంతా అడుగున కుళ్ళుతుంది. చిటికెడు చిటికెడుగా చల్లండి. తేలే మేతగాని, మెల్లగా మునిగే మేతగాని వాడండి. గుళిక పిల్ల నోటిలో సులువుగా పట్టేటంత సన్నగా ఉండాలి.

పొడి మేతను ముట్టకపోతే నిరాశపడవద్దు. తాజా చిల్లర చేపను ముళ్ళూ పొలుసూ తీసి, మెత్తగా రుబ్బి, జల్లెడలో కడిగి పెట్టండి. మొదటి రెండు రోజులు అదే వేయండి. మూడవ రోజున అందులో పావు వంతు పొడి మేత కలిపి ముద్ద చేయండి. పిల్లలు తింటూ ఉంటే రెండు రోజులకొకసారి ఆ వంతు పెంచండి. వారం పది రోజులకు చేప పూర్తిగా మానిపించవచ్చు. నిలవ చేప, వాసన పట్టిన చేప ఎంత చౌకగా వచ్చినా వద్దు; అది నీటినీ చెడుపుతుంది, రోగాన్నీ తెస్తుంది.

రోజుకు నాలుగు నుండి ఆరు సార్లు, ఒకే చోట, ఒకే వేళకు, వీలైతే ఒకే మనిషి వేయాలి. వేసే ముందు కర్రపై రెండు సార్లు తట్టండి. నాలుగు రోజులలో ఆ చప్పుడుకే గుంపు పైకి వస్తుంది. నేను చెప్పిన కావలివాడు ఇప్పుడు ఆ పనిలో నిపుణుడు. అతను తడితే వస్తాయి గాని, నేను తడితే రావు.

పిల్లలు కుదురుకున్నవో లేదో తెలుసుకొనడం ఎట్లా? వెండిరంగు తేలి, గుంపుగా ఒకే దిక్కుకు ఈదుతూ, మేతకు ఎగబడితే కుదురుకున్నట్టే. ఒళ్ళు నల్లబడి, మూలల్లో ఒంటరిగా నిలబడితే ఏదో బాధ ఉన్నట్టు. మొదటి రోజున నల్లగా ఉంటే కంగారు పడనక్కరలేదు. మూడవ రోజుకూ తేలకపోతే నీటిని చూడండి. తెల్లవారుజామున ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. తల లావుగా, ఒళ్ళు సన్నగా కనబడే పిల్లలు మేత పట్టనివి. వాటిని వేరే హాపాలో వేసి, రుబ్బిన చేపతో మళ్ళీ మొదలుపెట్టండి.

చివరిదీ, అన్నిటికంటె ముఖ్యమైనదీ ఏరివేత. పండుగప్ప పిల్ల తన పొడవులో మూడింట రెండు వంతుల వరకు ఉన్న పిల్లను మింగగలదు. మొదటి రెండు నెలలూ ఈ గండం ఉన్నది. కాబట్టి నాలుగైదు రోజులకొకసారి సైజులవారీగా వేరు చేయాలి. ఒకే రకం కన్నులున్న ప్లాస్టిక్ బుట్టను నీటిలో తేలేటట్లు పట్టుకొని పిల్లలను అందులో వేస్తే, చిన్నవి కిందికి జారిపోతాయి, పెద్దవి పైన ఉంటాయి. చేతితో పట్టవద్దు. చల్లని వేళ, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చేయండి. ఏరిన ప్రతిసారీ లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. లెక్క ఉంటే ఎవరినీ అనుమానించే అగత్యం రాదు.

ఇట్లా ఆరు నుండి ఎనిమిది వారాలు పెంచితే పిల్లలు 8 నుండి 10 సెంటీమీటర్లు అవుతాయి. అప్పుడు పెద్ద చెరువులో వదలవచ్చు. మధ్యలో జబ్బు కనబడితే అంగడిలో ఎవరో ఇచ్చిన మందు వేయవద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ మందులు చేపలకు వాడడం నిషిద్ధం. మత్స్యశాఖవారికి నీరూ, పిల్లలూ చూపించండి.

ఈ సూత్రాలు చెరువుకే కాదు. పట్టణాలలో గాజు తొట్టిలో సముద్రపు రంగు చేపలను పెంచేవారికీ వర్తిస్తాయి. వేడిని సమానం చేయడం, ఉప్పదనాన్ని మెల్లగా కలపడం, మొదటి రోజున దీపం ఆర్పి, దాగడానికి చాటు ఇచ్చి ఒంటరిగా వదలడం, కదిలే తిండితో మొదలుపెట్టి మెల్లగా పొడి మేతకు మార్చడం, అంతా ఒకటే.

నాతోటి విస్తరణ ఉద్యోగులకు ఒక్క మనవి. సంచులు దించిన రోజున ఫొటో తీసుకొని వెళ్ళిపోవద్దు. మూడవ రోజు ఉదయం మేత వేళకు ఆ గట్టుమీదికి మళ్ళీ వెళ్ళండి. రైతు సొమ్ము నిలిచేదీ, పోయేదీ ఆ వారంలోనే. నేను వెళ్ళని ఆ మూడవ రోజు ఒక రైతుకు ఏడు వందల పిల్లల ఖరీదు పెట్టింది. ఒక కావలివాడికి కూడు పోగొట్టబోయింది.

రైతు సోదరులారా, ఈ సీజనులో పిల్లలను తెచ్చుకొనేవారు హాపా, బుట్ట, కొలిచే పరికరం, తొలి వారపు మేత, ఈ నాలుగూ సిద్ధం చేసుకొన్న తరువాతనే హేచరీకి కబురు పంపండి.