పెట్టెలో పెట్టిన సర్టిఫికెట్టు



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం పేరు వినడానికి కొంచెం బరువుగానే ఉంది: అత్యవసర వైద్యసేవలో పనిచేసేవారు తమ అర్హతా పత్రాన్ని ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవడం. ఇది వినగానే మీలో కొందరు "మనకెందుకమ్మా ఈ గొడవ, పొయ్యి మీద పప్పు మాడుతుంది" అని రేడియో గొంతు తగ్గించబోతారు. ఒక్క నిమిషం ఆగండి. పెళ్లికి ముందు కష్టపడి సంపాదించుకున్న సర్టిఫికెట్లు ఎంతమంది ఇళ్లల్లో పట్టుచీరల కింద, కలరా ఉండల వాసనలో పడి ఉన్నాయో నాకు తెలుసు. నాదీ అట్లాగే పద్నాలుగేళ్లు పడి ఉంది.

మాది నల్లగొండ. 1999లో నర్సింగు పాసై, హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు పక్కన ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో ఆరేళ్లు పనిచేశాను. ఆ రోడ్డు సంగతి మన జిల్లావాళ్లకు చెప్పనక్కరలేదు. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, ఈ పేర్లు మీకు బస్సు స్టేజీలు; మాకు మాత్రం రాత్రి డ్యూటీలో ఫోను మోగితే ముందు అడిగే మాటలు. రెండో కానుపు తర్వాత ఉద్యోగం మానేసి అత్తగారి ఊరు మహబూబ్‌నగర్ చేరాను. రెండేళ్లాగి మళ్ళీ చేరుదాంలే అనుకున్నాను. చిన్నది బడికి పోయేదాకా అన్నాను, తర్వాత మామయ్యకు బాగాలేదన్నాను, తర్వాత ఏమీ అనలేదు. ఎవరూ అడగలేదు కూడా.

నేను మానేసిన ఆ 2005లోనే, ఆగస్టు 15న, హైదరాబాదులో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. దాంతో పాటే కొత్త ఉద్యోగం ఒకటి పుట్టింది. అంబులెన్సు వెనక భాగంలో కూర్చుని, దారిపొడుగునా రోగిని కనిపెట్టుకుని వచ్చే ఇ.ఎం.టి. అంతకుముందు మన దగ్గర అంబులెన్సు అంటే డ్రైవరూ, స్ట్రెచరూ, దేవుడూ. ఇప్పుడు మన పిల్లలే, ఆడపిల్లలు కూడా, నీలిదీపం బండిలో అర్ధరాత్రి తండాలకు పోయి కాన్పులు చేసి వస్తున్నారు.

ఇక నా కథకు వస్తాను. 2019 సంక్రాంతి వెళ్లిన వారం. సాయంత్రం దీపాలు పెట్టే వేళ పక్కింటి పెద్దమ్మ గోడమీది నుంచి కేక వేసింది. "సిస్టరమ్మా, ఉరికి రా! మీ పెదబాపు పడిపోయిండు!" ఆ వాడకట్టులో నేనిప్పటికీ సిస్టరమ్మనే. ఉరికాను. పెద్దాయన పూలకుండీల దగ్గర వెల్లకిలా పడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. 108కి ఫోను చేయమని చెప్పి మోకాళ్ల మీద కూర్చున్నాను.

నాకు భయం వేయలేదు. ఆరేళ్లు చేసిన పనే గదా. తల వెనక్కు వంచాను. చెవి ఆయన ముక్కు దగ్గర పెట్టి ఊపిరి వినపడుతుందేమోనని చూశాను, ఛాతీ కదులుతుందా అని చూశాను, మళ్ళీ విన్నాను. నోట్లో రెండుసార్లు ఊదాను. అప్పుడు గుండె మీద చేతులు పెట్టి పదిహేను నొక్కులు, మళ్ళీ రెండు ఊపిరులు, మళ్ళీ పదిహేను. 1999లో నాకు నేర్పింది అక్షరం తప్పకుండా చేశాను.

బండి వచ్చింది. దిగిన అమ్మాయికి ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఒక్క చూపు చూసి, "అమ్మా, మీరు జరగండి" అని నా చోట్లో కూర్చుంది. ఆ అమ్మాయి నొక్కుతుంటే చూశాను. నాకన్నా లోతుగా, నాకన్నా వేగంగా. ఊదడం కోసం ఆగడం చాలా తక్కువ. బండిలోకి ఎక్కించేటప్పుడు కూడా ఆ చేతులు ఆగలేదు.

పెద్దాయన దక్కలేదు.

పది రోజుల కార్యం అయిపోయినాక పెద్దమ్మ నా చేతులు పట్టుకుని, "నువ్వు చేసేదంతా చేసినవ్ బిడ్డా" అంది. ఆ మాట నన్ను తిట్టినా అంత బాధపెట్టేది కాదు. నేను సరిగ్గా చేసినా ఆయన బతికేవాడో లేదో చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. కాని నేను చేసింది పాతపద్ధతి అని మాత్రం ఆ సాయంత్రమే తెలిసిపోయింది.

తర్వాత విచారించాను. నేను పెట్టె మూసిన 2005 చివరనే ఆ పదిహేనుకు రెండు అన్న లెక్కను ముప్ఫైకి రెండు చేశారట. 2010లో వరుసే మార్చారు. ముందు ఊపిరి, తర్వాత గుండె అని మేం చదువుకున్నాం. ఇప్పుడు ముందు గుండె నొక్కడం, తర్వాతే ఊపిరి. చెవి పెట్టి వినడం తీసేశారు, ఎందుకంటే ఆ వినడంలోనే విలువైన క్షణాలు పోతున్నాయి. పెద్దవాళ్లకైతే ఛాతీ అయిదు సెంటీమీటర్లకు తగ్గకుండా, ఆరు దాటకుండా దిగాలి. నిమిషానికి నూటికి తగ్గకుండా, నూట ఇరవై దాటకుండా నొక్కాలి. శిక్షణ లేనివారు ఊదడం జోలికి పోకుండా ఛాతీ నడిమధ్య నొక్కుతూ ఉన్నా మేలే. ఇదంతా నా ఇంటికి ఎవరూ ఉత్తరం రాసి చెప్పరు గదా. మళ్ళీ తరగతికి పోతేనే తెలుస్తుంది. పునరుద్ధరణ అనే ఆ బరువైన మాటకు అర్థం ఇంతే.

సరే, పెట్టె తీశాను. మొదటి చిక్కు పేరు దగ్గరే వచ్చింది. సర్టిఫికెట్టులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. మగవాళ్లకు ఈ బాధ లేదు చూశారా! పెళ్లి సర్టిఫికెట్టు, నోటరీ దగ్గర ప్రమాణపత్రం, పాతఫొటో, కొత్తఫొటో, అన్నీ జతచేశాను. రెండో చిక్కు రాష్ట్రం. నా రిజిస్ట్రేషను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిలులో ఉంది. 2014 జూన్ 2 తర్వాత మనకు తెలంగాణ కౌన్సిలు వేరుగా ఏర్పడింది. 2016లో జిల్లాలు కూడా విడిపోయాయి. నేను చదువుకున్ననాటి నల్లగొండ ఇప్పుడు మూడు జిల్లాలు. చిరునామా రాయాలంటేనే ఆలోచించవలసి వచ్చింది.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా ఆయన "ఫీజెంత?" అన్నారు, అంతే. అత్తమ్మ మాత్రం "పిల్ల పదో తరగతిల ఉంటే నీకిప్పుడెందుకే ఈ చదువు?" అంది. నేనేమీ వాదించలేదు. మొదటి ఆదివారం పొద్దున అయిదు గంటలకు హైదరాబాదు బస్సుకు లేచేసరికి ఆవిడే చాయ్ పెట్టి, రొట్టెలు కట్టి ఉంచింది. మాట మాట్లాడలేదు, డబ్బా చేతికిచ్చింది.

ఆ తరగతిలో నేర్పే అతను మా పెద్దవాడికన్నా నాలుగైదేళ్లు పెద్ద, అంతే. రబ్బరుబొమ్మ మీద నొక్కమన్నాడు. రెండు నిమిషాలకు నాకు చెమటలు పట్టాయి, మోకాళ్లు పట్టేశాయి. బొమ్మకు అమర్చిన దీపం పచ్చగా వెలగాలి, నాకు వెలగలేదు. "మేడం, మళ్ళీ" అన్నాడు. మళ్ళీ వెలగలేదు. చేయి పదిహేను దగ్గర తనంతట తానే ఆగిపోతోంది! తెలియనివాళ్లు నేర్చుకోవడం సులభం, తెలిసినవాళ్లు మరచిపోవడమే కష్టం కాబోలు. మధ్యాహ్నం భోజనాల తర్వాత వెలిగింది. ఆ రోజు ఇచ్చిన కార్డుకు గడువు రెండేళ్లే.

రెండేళ్లేనా అని నాకూ అనిపించింది. కాని అమెరికాలో అంబులెన్సుల్లో పనిచేసేవారికి 1970లో ఏర్పడిన నేషనల్ రిజిస్ట్రీ అని ఒక సంస్థ ఉంది. అక్కడ కూడా ఇ.ఎం.టి.లు రెండేళ్లకొకసారి నలభై గంటల చదువు చూపించి కార్డు మార్చుకోవచ్చు. మన నర్సులకు భారత నర్సింగ్ కౌన్సిలు చెప్పిన లెక్క అయిదేళ్లకు 150 గంటలు. బస్సు కండక్టరు లైసెన్సుకు ప్రథమచికిత్స సర్టిఫికెట్టు అడుగుతారు. సెయింట్ జాన్ అంబులెన్సువారిచ్చే ఆ పత్రానికి మూడేళ్లు. మన ఇ.ఎం.టి.ల విషయంలో మాత్రం చాలాకాలం దేశమంతటికీ ఒకే రిజిస్టరన్నది లేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో వాళ్ల పేరు చేరింది. అంటే ఆ పిల్లలది కూడా ఒక వృత్తి అని చట్టం ఒప్పుకుంది. ఆలస్యమే అయినా మంచిదే.

నర్సుల తరగతుల్లో పాముకాటు గురించి ఒక రోజంతా చెప్పారు. మన పాలమూరు పల్లిచేలల్లో, వరిమళ్లల్లో ఇది రోజూ ఉండేదే గదా. మేం చదివిన రోజుల్లో కాటు పైన గట్టిగా కట్టు కట్టడం మామూలు. ఇప్పుడు వద్దంటారు, కట్టు బిగిస్తే కాలే పోవచ్చు. కోయవద్దు, పీల్చవద్దు. కదలకుండా పడుకోబెట్టి, విరిగిన కాలుకు కట్టినట్లు బద్దకట్టి, ఆసుపత్రికి తేవాలి. ఇక్కడ దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ కలిపి చేసిందే, కాబట్టి పామును చంపి తేవలసిన పనిలేదు. కట్లపాము నేలమీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. పొద్దున రెప్పలు వాలిపోతుంటే నిద్రమత్తు అనుకోకండి. పురుగులమందు తాగినవారికి ఉప్పునీళ్లు తాగించి కక్కించడం కూడా తప్పే. పత్తి పండించే ఊళ్లల్లో ఇంకా అదే చేస్తున్నారు.

కాలిన గాయాలు మరో సంగతి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మన కొత్తకోట దగ్గర పాలెం వద్ద బెంగుళూరు నుంచి వస్తున్న బస్సు కాలిపోయి 45 మంది పోయారు. ఆ పొద్దున నేను టీవీ ముందు కూర్చుని ఏడుస్తూ ఉన్నాను, సర్టిఫికెట్టేమో పెట్టెలో ఉంది. ఇంట్లో నూనె మీద పడ్డా సరే, సిరా, పేస్టు, పిండి పూయకండి. కుళాయి కింద ఇరవై నిమిషాలు చన్నీళ్లు పోయండి. ఐసు వద్దు.

దారిలో సాయం చేస్తే పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందని మన మగవాళ్లు భయపడతారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, ప్రమాదంలో మంచిమనసుతో సాయపడినవారికి రక్షణ కల్పించారు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయరాదు. ఈ మాట ఇంట్లో చెప్పండి.

2019లో నా కార్డు వచ్చింది. ఆ తర్వాతి ఏడాదే కరోనా. తరగతులు ఆగిపోయాయి, పని మాత్రం ఆగలేదు. ఇప్పుడు నేను వారానికి మూడు రాత్రులు ఎమర్జెన్సీలో డ్యూటీ చేస్తున్నాను. కార్డు ఎప్పటికప్పుడు మార్చుకుంటూనే ఉన్నాను. 2025 అక్టోబరులో మళ్ళీ ఒక మార్పు వచ్చింది. గొంతులో ముద్ద అడ్డం పడ్డ పెద్దవాళ్లకు ముందు వీపు మీద అయిదు చరుపులు, తర్వాత పొట్ట మీద అయిదు నొక్కులు వేయాలట. నేను నేర్చుకున్న దాంట్లో పెద్దవాళ్లకు పొట్ట మీద నొక్కులే. మళ్ళీ చేయి మార్చుకోవాలి.

ఆ మధ్య ఒక మధ్యాహ్నం పక్కింటి పెద్దమ్మ వచ్చింది. బొంతదిండు ఒకటి నేలమీద వేసి, "నాకూ నేర్పు బిడ్డా. నా కొడుక్కు గుండె బలహీనమన్నరు" అంది. ఆవిడకు డెబ్బై దాటాయి. ముప్ఫై లెక్కపెడుతూ నొక్కింది, ఇరవై రెండు దగ్గర ఊపిరందక ఆగి, "ఇగో, మళ్ళ పడ్తున్న" అని మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రతి బుధవారం వస్తోంది. ఈసారి తన కోడలిని కూడా తెస్తానంది.