పరుగూ, గురీ: మంచు ఊరిలో నేర్చిన పాఠం

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్రాంత జీవితంలో వ్యాయామం అనే విషయం మీద నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. రోజూ నడవండి, ఉప్పు తగ్గించండి అని డాక్టర్లు మనకు చెబుతూనే ఉన్నారు. ఆ మాటలే నా నోట మళ్ళీ వినడానికి మీరింత దూరం రానక్కరలేదు. అందుచేత మనలో చాలమంది పేరుకూడా విని ఉండని ఒక ఆటను గూర్చి చెబుతాను. ఆ ఆట పేరు బయాథ్లాన్. మంచు మీద స్కీలనే పొడవాటి పలకలు కాళ్ళకు బిగించుకొని కొన్ని కిలోమీటర్లు పరుగు తీయాలి. మధ్యలో ఆగి, తుపాకితో 50 మీటర్ల దూరాన ఉన్న 5 గుండ్రటి గురులను కొట్టాలి. మళ్ళీ పరుగు, మళ్ళీ గురి. ఈ ముసలాయనకు తుపాకుల గొడవ దేనికని మీరనుకోవచ్చు. చివరిదాకా వినండని మనవి.

నేనీ ఆటను చూచింది కెనడా దేశంలో, అల్బెర్టా రాష్ట్రంలోని కాన్‌మోర్ అనే చిన్న ఊరిలో. కాల్గరీ నగరానికి పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, రాకీ పర్వతాల నడుమ, బో నది ఒడ్డున ఉంటుంది. మా అమ్మాయి, అల్లుడు అక్కడ కాపురముంటారు. 2018 నవంబరులో నేనూ, మా ఆవిడా వెళ్ళి 5 నెలలున్నాము.

ఆ ఊరి చరిత్ర వినగానే నాకు మన ఊరు గుర్తుకొచ్చింది. అది బొగ్గు గనుల ఊరు. మన ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలయితే, కాన్‌మోర్‌లోనూ రైలు మార్గం వచ్చిన ఆ 1880ల దశకంలోనే గని తెరిచారు. 1979లో ఆ గని మూతపడింది. ఒక్క మాటలో చెప్పాలంటే ఊరే రిటైరయింది. అయితే 1988లో కాల్గరీలో శీతాకాల ఒలింపిక్స్ జరిగినపుడు స్కీ పరుగు పందాలు, బయాథ్లాన్ పోటీలు నిర్వహించడానికి ఈ ఊరినే ఎన్నుకున్నారు. గనులున్న కొండవాలు ప్రాంతంలో దారులు తీర్చి, గురి మైదానం కట్టారు. ఒలింపిక్స్ అయిపోయినా దానికి తాళం వేయలేదు. ఈనాటికీ అక్కడ బడిపిల్లలూ, ఉద్యోగులూ, మనబోటి విశ్రాంతులూ స్కీ చేస్తారు. వేసవిలో అవే దారుల్లో నడుస్తారు, సైకిళ్ళు తొక్కుతారు.

ఇక ఆట సంగతి. తుపాకి పాయింట్ టూటూ రకం. కనీసం మూడున్నర కిలోల బరువుండాలి. దాన్ని వీపున కట్టుకొనే పరుగెత్తాలి. పడుకొని కాల్చేటపుడు గురి వెడల్పు 45 మిల్లీమీటర్లు, అంటే పెద్ద నిమ్మకాయంత. నిలబడి కాల్చేటపుడు 115 మిల్లీమీటర్లు, టీ సాసరు కంటె కొంచెం చిన్నది. నల్లటి గురికి గుండు తగిలితే తెల్లగా మారుతుంది. తప్పితే శిక్ష ఉంటుంది. కొన్ని పోటీలలో తప్పిన ఒక్కొక్క గుండుకు ఒక నిమిషం కాలం కలుపుతారు. మరి కొన్నింటిలో 150 మీటర్ల చుట్టు ఒకటి అదనంగా తిరిగి రావాలి.

కష్టమంతా ఎక్కడుందంటే, పరుగెత్తి వచ్చినవాడి గుండె దడదడ కొట్టుకుంటూ ఉంటుంది, రొమ్ము ఎగసిపడుతూ ఉంటుంది. మన హైదరాబాదు కుర్రవాడు గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచినపుడు మనమంతా సంతోషించాము. ఆ పోటీలో కదలక మెదలక నిలబడి కాలుస్తారు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఉరికే ఒంటిని కొద్ది క్షణాల్లో నిలకడకు తెచ్చుకోవాలి. ఒలింపిక్స్‌లో ఈ ఆట పురుషులకు మొదటిసారి పెట్టింది 1960లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో. స్వీడన్ దేశస్థుడు క్లాస్ లెస్టాండర్ గెలిచాడు. స్కీ మీద ఆయనకంటె వేగంగా వెళ్ళినవారు చాలమందే ఉన్నారు. కాని ఆయన 20 గుండ్లు కాల్చి ఇరవయ్యీ కొట్టాడు. వేగం ఉన్నవారు వెనుకబడ్డారు, నిలకడ ఉన్నవాడు బంగారు పతకం తెచ్చుకున్నాడు. స్త్రీలకు ఒలింపిక్స్‌లో ఈ పోటీ 1992లో వచ్చింది.

మా అల్లుడు పతకాల కోసం ఆడేవాడు కాదు. ఆఫీసు పని చేసుకుంటూ సాయంత్రాలూ, శని ఆదివారాలూ అభ్యాసం చేసేవాడు. అతని సాధన చూస్తూ నేను చాల తెలుసుకున్నాను. వారానికి 3, 4 రోజులు స్కీ పరుగు. అందులో ఎక్కువ భాగం పక్కవాడితో మాట్లాడగలిగేటంత నెమ్మదిగానే. ఒక్కరోజు మాత్రం గట్టిగా. ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక గుండు లేకుండా తుపాకి పట్టి, గోడ మీది చుక్కకు గురిపెట్టి, మీట నొక్కడం అభ్యాసం చేసేవాడు. మైదానంలో గురికి చేరే ముందు కావాలనే వేగం తగ్గించేవాడు. తరువాత ఊపిరి సగం వదిలి, ఒక్క క్షణం ఆపి, మీటను మెల్లగా నొక్కాలి. గాలి ఎటు వీస్తోందో చిన్న జెండాలు చూచి తెలుసుకోవాలి. తుపాకి మొన ఎప్పుడూ మనుషుల వైపు తిరగకూడదు. ఆ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. ఇంట్లో దానిని గుళ్ళు తీసి, తాళం వేసి ఉంచడం అక్కడి చట్టం.

నా సంగతి చెప్పవలసి వచ్చింది. 2016లో నా గుండెకు స్టెంటు వేశారు. కెనడా వెళ్ళిన మొదటి నెల నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చొని మంచు చూస్తూ గడిపాను. బయట సున్నాకు దిగువన 15, 20 డిగ్రీలు. పిల్లలు పనికి వెళితే సాయంత్రందాకా మాట్లాడేవారు లేరు. మన సంఘ సభ్యులలో పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చినవారందరికీ ఆ కుర్చీ సంగతి తెలుసు. మన సహోద్యోగులు కొందరు రిటైరైన ఏడాదిలోనే ఎలా నీరసించిపోయారో కూడ మనకు తెలుసు. నాకు భయం వేసింది మంచును చూచి కాదు, ఆ కుర్చీని చూచి.

ఒకనాడు అల్లుడు, "మామయ్యగారూ, రేపు నాతో రండి, చదును దారిలో నడుద్దాం" అన్నాడు. మా ఆవిడ, "ఏమండీ, కాలు జారిపడితే ఎముకలు అతుక్కొనే వయసా మీది?" అని అడ్డుపడింది. ఆమె మాటలో న్యాయముంది. అందుకని హైదరాబాదులోని మా డాక్టరుగారికి ఫోను చేశాము. ఎత్తులెక్కవద్దు, మాట్లాడగలిగే వేగం దాటవద్దు, చలిలో రక్తనాళాలు కుంచించుకొని రక్తపోటు పెరుగుతుంది గనుక ఇంట్లోనే ఒళ్ళు వెచ్చబడేదాకా కదిలి తరువాత వెళ్ళండి, రొమ్ములో ఏమాత్రం బరువనిపించినా ఆగిపొండి అని ఆయన చెప్పారు. అవన్నీ మా ఆవిడ కాగితం మీద రాసి తలుపుకు అంటించింది.

స్కీ దారిలో యంత్రంతో రెండు గాళ్ళు తీసి ఉంటాయి, మన ఎడ్లబండి గాడి మాదిరిగా. పలకలు అందులో పెట్టి, రెండు చేతికర్రలు ఊతగా జరుపుకుంటూ పోవడమే. మొదటి రోజు 200 మీటర్లు. జనవరి చివరికి 2 కిలోమీటర్లు. ఫిబ్రవరిలో లైసెన్సు ఉన్న శిక్షకుడు పక్కనే కూర్చొని, తుపాకిని దిమ్మ మీద ఆనించి నా చేత 5 గుండ్లు కాల్పించాడు. నాకదేమీ కొత్తగా తోచలేదు. గనుల సర్వే విభాగంలో 34 ఏళ్ళు థియోడొలైట్‌లో కన్ను పెట్టినవాణ్ణి. ఊపిరి బిగబట్టి స్టాఫు మీది అంకె చదవడం మనకు అలవాటే గదా. అయిదింట మూడు తగిలాయి. ఆ రోజు రాత్రి ఫోనులో మా అన్నయ్యకు మా ఆవిడే గొప్పగా చెప్పుకుంది.

2019 ఏప్రిలులో తిరిగి వచ్చి మా పల్లెలో స్థిరపడ్డాము. ఇక్కడ మంచు లేదు, తుపాకి అక్కరలేదు. కాని పరుగు తరువాత నిలకడ అనే సూత్రం ఎక్కడైనా పనికివస్తుంది. మన చిన్ననాటి ఏడు పెంకులాట గుర్తుందా? పరుగూ, గురీ రెండూ అందులో ఉన్నాయి. ఊరి బడి మైదానంలో ఆదివారం పొద్దున నలుగురం మొదలుపెట్టాము. మైదానం చుట్టూ ఎవరి వేగంతో వారు ఒక చుట్టు నడవాలి. ఆగి పది ఊపిరులు లెక్కపెట్టుకోవాలి. తరువాత బల్ల మీద పేర్చిన 5 ఖాళీ డబ్బాలను 5 రబ్బరు బంతులతో కొట్టాలి. ఎన్ని తప్పితే అన్నిసార్లు చింతచెట్టు చుట్టి రావాలి. కరోనా కాలంలో ఆట ఆగిపోయినా తరువాత మళ్ళీ సాగింది. ఇప్పుడు పదకొండుమందిమి ఉన్నాము. మనుమలు బంతులు ఏరి ఇస్తారు. లెక్కల పుస్తకం మా ఆవిడ చేతిలో ఉంటుంది. ఆమె దగ్గర ఎవరి పలుకుబడీ చెల్లదు.

మాలో 74 ఏళ్ళ పెద్దాయన ఒకరున్నారు. భార్య పోయిన తరువాత 8 నెలలపాటు ఆయన వాకిలి దాటలేదు. పలకరించబోతే తల ఊపి లోపలికి వెళ్ళిపోయేవారు. ఒక ఆదివారం ఆయన మనుమడే చెయ్యిపట్టి తీసుకొచ్చాడు. నడకలో అందరికంటె చివర. కాని బల్ల ముందు నిలబడి మెల్లగా అయిదు డబ్బాలూ పడగొట్టారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం మాత్రం మాకంటె ముందే వచ్చి డబ్బాలు పేరుస్తూ కనిపించారు.

మిత్రులారా, రోజూ నడవమంటే మనం నాలుగు రోజులు నడిచి మానేస్తాము. నడక చివర ఒక గురి ఉంటే, పక్కన నలుగురుంటే, లెక్క రాసేవారొకరుంటే మానబుద్ధి కాదు. గురి తప్పినా నష్టం లేదు, చెట్టు చుట్టి వచ్చి మళ్ళీ నిలబడవచ్చు. అయితే గుండెజబ్బు, రక్తపోటు, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ముందుగా డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఇక్కడున్న పిల్లలకూ ఒక మాట. అమ్మానాన్నలను మీ దగ్గరకు పిలిపించుకున్నపుడు మెత్తటి కుర్చీ, టీవీ ఇచ్చి సరిపెట్టవద్దు. వారానికి ఒక పూట మీ వెంట బయటకు తీసుకువెళ్ళండి. వారి వేగంతో నడవండి.

వచ్చే నెలనుండి మన సంఘ భవనం వెనుక ఖాళీ స్థలంలో ఆదివారాలు ఈ ఆట మొదలుపెడదామని ప్రతిపాదిస్తున్నాను. డబ్బాలు, బంతులు నేను తెస్తాను. సోదరీమణులు కూడ రావాలి. లెక్కల పుస్తకం మాత్రం మీలో నమ్మకస్తులెవరో తీసుకోండి.